మానుకోమన్న ఆట

తోలుబొమ్మలాడించే హంపన్న ముసలివాడయ్యాడు. నిన్నటి ఆట రక్తి కట్టలేదు. తెల్లారగానే రాజు కొలువుకు పిలిపించాడు.

“హంపన్నా, ఇక చాలించు. వచ్చిన పేరు పాడుచేసుకోకు. బొమ్మలు కోశాగారంలో అప్పగించు.”

“ఏ ఆటతో వచ్చిన పేరు ప్రభూ?”

“ఇంకేది, లంకాదహనం! మంటలు తెర దాటి వస్తాయేమోనని చిన్నప్పుడు అమ్మ వెనక దాక్కున్నాను.”

“దానికి ముందు ఆట కూడా నిన్నటిలాగే చెడింది ప్రభూ. మీ తండ్రిగారు పిలిచి, ఉన్న పేరు కాపాడుకో, మానెయ్ అన్నారు. నేను వినలేదు. ఆ పంతంతోనే లంక తగలబెట్టాను.”



హంపన్న బొమ్మల పెట్టె భుజానికెత్తుకున్నాడు.

“ఇప్పుడూ వినను. రేపు యువరాజావారు నన్ను పిలిచి పేరు కాపాడుకోమనడానికి ఇంకో ఆట ఉండొద్దూ?”