రెండు తాళాల గది

నేథన్ అమెరికా అధ్యక్షుడికి న్యాయ సలహాదారు. పేరుకే సలహాదారు. అతన్ని అడిగిన సలహాలు తక్కువ, పైవాళ్లు అనుకున్నదే రాసిపెట్టమన్నవి ఎక్కువ. ఒక ఉదయం మంచులో పడి కొండెక్కి, తన గురువు ఉండే సూఫీ మఠానికి వచ్చాడు.

"బాబా, దేశమంతా విషజ్వరాలు. మందుల ఫ్యాక్టరీలను ప్రభుత్వం తీసుకుందామంటే, చట్టాలు చేసే కాంగ్రెసు కాదని ఓటేసింది. ఒక్క సంతకంతో తీసేసుకుంటానంటున్నాడు అధ్యక్షుడు. అది చట్టబద్ధమేనని సాయంత్రంలోగా నేను రాసివ్వాలి."

"చట్టబద్ధమేనా?"

"కాదు. కానీ ఆయన మంచివాడు బాబా. నా చెల్లెలికీ అదే జ్వరం. నాకు భయంగా ఉంది."

వసారాలో పదిమంది బాటసారులు చలికి ముడుచుకుని కూర్చున్నారు. "ముందు వీళ్లకింత గంజి కాద్దాం, పద" అని బాబా లేచాడు.

సరుకుల గదికి రెండు తాళాలు. ఒక తాళంచెవి గురువుది. రెండోది వంట చూసే సకీనా బీబీది. అది శిష్యులంతా కూడి ఏనాడో పెట్టుకున్న కట్టుబాటు. బాబా తన తాళం తీశాడు. సకీనా బీబీ మాత్రం తన గదిలోంచి కదల్లేదు.

"పొద్దున ఒక పూట పెట్టాను. మంచు కరిగేదాకా ఉన్నదాంతోనే గడవాలి. ఇవ్వను" అంది.

నేథన్‌కు ఒళ్లు మండిపోయింది. "ఇదెక్కడి చోద్యం! మఠానికి పెద్ద మీరా, ఆవిడా? పగలగొట్టేద్దాం బాబా!"

బాబా గూట్లోంచి సుత్తి తీసి అతని చేతికిచ్చాడు. నేథన్ పైకెత్తాడు.

"పని అయ్యాక దాన్ని ఇక్కడే మేకుకు తగిలించు. నా తర్వాత మఠానికి పెద్దగా వచ్చేవాడికీ ఉంటుంది."

"ఎవరొస్తారు?"

"నాకేం తెలుసు?"

నేథన్ చెయ్యి అలాగే ఆగిపోయింది. కాసేపటికి సుత్తి కింద పెట్టి, సకీనా బీబీ గది ముందుకెళ్లి కూర్చున్నాడు. బాటసారుల్లో పసివాళ్లు ఎందరున్నారో చెప్పాడు. ఆమె తిట్టింది. మళ్లీ మొదటినుంచీ చెప్పాడు. మూడోసారికి, "సగం కుండకే, బేటా" అంటూ ఆమె లేచింది.

గంజి కాగింది. నేథన్ తాగడానికి కూడా ఆగలేదు. కాంగ్రెసులో కాదన్నవాళ్ల ఇళ్లు చాలా ఉన్నాయి. సాయంత్రంలోగా ఎన్ని తలుపులు తట్టగలడో లెక్క వేసుకుంటూ కొండ దిగాడు.