దళవాయి తెచ్చిన పరంగి తుపాకి

రాజుగారి ముందు పాత చెకుముకి తుపాకి ఒకటి పెట్టి, దళవాయి భైరప్ప మీసం మెలేశాడు. "నిన్ననే రేవులో పరంగి సిపాయిని ఓడించి లాక్కొచ్చాను, ప్రభూ! ఇనాముగా ఊరవతలి గొర్రెల బీడు ఇప్పించండి."

బీడు పోతే తన మంద ఏం తిని బతకాలి? అనుకుంది సభలో ఓ పక్కన నిలబడ్డ కాపరి సుంకులమ్మ. తుపాకి దగ్గరకెళ్లి, వంగి చూసి, వినయంగా అడిగింది.

"తెచ్చాక పూజ చేయించారా, బాబయ్యా?"

"పూజా? దుమ్మైనా దులపలేదు. పరంగివాడి చేతిలోంచి నేరుగా ప్రభువుల ముందుకే!"

సుంకులమ్మ తుపాకి మీట సందులో వేలు పెట్టి తీసి, సభకంతా చూపింది. వేలి కొసన ఎండిన పసుపు, కుంకుమ.

"అయితే ఇనాము ఆ పరంగివాడికే ఇవ్వాలి, ప్రభూ! మొన్న దసరాకి ఆయుధపూజ మనకంటే నిష్ఠగా చేశాడు."