ఆల్చిప్ప ప్రోటీను, ఉప్పునీళ్ళు

తాయారమ్మగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే, ఆవిడ ముందు అడిగినవాళ్ళ చేతులు ఖాళీగా ఉన్నాయేమో చూస్తారు. ఖాళీగా ఉంటే జవాబు రాదు, పని వస్తుంది. విశాఖ సముద్రపు గాలికి కిటికీ ఊచలన్నీ తుప్పుపట్టిన ఆ ప్రయోగశాలలో ఈ సంగతి తెలియని శిష్యుడు లేడు. తెలిసి తెలిసీ అడిగినవాడు జోగారావు.

అడక్క ఏం చేస్తాడు పాపం! తెల్లవారితే కమిటీ ముందు నిలబడాలి. జంతువుల కణాల మీద నూగులా పరుచుకుని చక్కెర గొలుసులు ఉంటాయి. వాటి ఒళ్ళంతా ఋణావేశమే. ఆల్చిప్ప రక్తంలోంచి తాను వేరుచేసిన ప్రోటీను అలాంటి గొలుసును ఏరికోరి పట్టుకుంటుందని అతను చెప్పబోతున్నాడు. కమిటీ ఔనంటే సిద్ధాంతగ్రంథం రాసుకోవచ్చు. కాదంటే ఇన్నేళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

"గొలుసుది ఋణావేశం, నా ప్రోటీనుది ధనావేశం. రెండూ పట్టుకున్నాయి. ఇంతకంటే రుజువేం కావాలి మేడమ్?" అన్నాడు.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, క్యాంటీనుకు వెళ్ళి ఒక పచ్చి కోడిగుడ్డు పట్టుకురమ్మన్నారు.

జోగారావుకు ఏమీ అర్థం కాలేదు. అయినా తెచ్చాడు. తెల్లసొనను నీళ్ళలో పలచన చేసి, వడగట్టి, అతని గాజుగొట్టంలోనే పోయించారు. ఆ గొట్టం నిండా చక్కెర గొలుసులు అతికించిన సన్నని పూసలుంటాయి. పైనుంచి పోసినదాంట్లో గొలుసును పట్టుకున్నది ఆగిపోతుంది, పట్టుకోనిది కిందికి జారిపోతుంది. తెల్లసొన చాలామటుకు జారిపోయింది గానీ, కొంత మాత్రం ఎంత కడిగినా కదల్లేదు.

"ఇదీ పట్టుకుందే! కోడిగుడ్డు కూడా నీ ప్రోటీనుకు చుట్టమేనా?" అన్నారు తాయారమ్మగారు.

జోగారావు తల గోక్కున్నాడు. అతను మొదటినుంచీ ఉప్పు లేని నీళ్ళతోనే పనిచేస్తున్నాడు. ఒకప్పుడు కాస్త ఉప్పు కలిపి చూస్తే పట్టు సడలినట్టు కనిపించింది. ఉప్పే పని చెడగొడుతోందని దాన్ని తీసిపారేశాడు. ఆనాడు తన తెలివికి తానే మురిసిపోయాడు కూడా.

"ఆల్చిప్పని ఎక్కణ్ణించి తెచ్చావు?"

"భీమిలి కాడ, సముద్రంలోంచి మేడమ్."

"మరి నీ గొట్టంలో సముద్రమేదీ?"

అప్పుడతను సముద్రమంత ఉప్పదనం ఉన్న నీళ్ళు కలిపి పోశాడు. అంతసేపూ మొండికేసి కూర్చున్న గుడ్డు ప్రోటీను మారుమాటాడకుండా దిగి వచ్చేసింది. ఉప్పులోని ఆవేశాలు మధ్యలో దూరితే, ఒట్టి ఆవేశం మీద నిలిచిన పట్టు ఊడిపోతుంది మరి. ఇక మిగిలింది తన ప్రోటీను. గొట్టం శుభ్రంగా కడిగి, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని దాన్ని పోశాడు. ఉప్పు లేనంతసేపూ అది ఎప్పటిలాగే బుద్ధిగా పట్టుకుంది. ఉప్పునీళ్ళు తగిలాయో లేదో, ప్రోటీను కిందికి వస్తోందని చూపించే గీత తెరమీద నిటారుగా లేచింది.

"మొత్తం పోనాది మేడమ్! నా పుట్టి ములిగిపోనాది!" అని జోగారావు స్టూలు మీద కూలబడ్డాడు.

ఆవిడ ఓదార్చలేదు. ఇంకా చిక్కటి ఉప్పునీళ్ళు కలపమని సైగ చేశారు. అతను కలిపి పోశాడు. చదునుగా పడుకున్న గీత మళ్ళీ కొంచెం, చీమలపుట్టంత, లేచి దిగింది. అంటే సముద్రమంత ఉప్పు వచ్చి మీద పడ్డా చలించకుండా, కాస్త ప్రోటీను గొలుసును పట్టుకునే ఉందన్నమాట.

జోగారావుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆల్చిప్ప ఒకటే, ప్రోటీను ఒకటే, దాని మీద ఆవేశమూ ఒకటే. పట్టుకు ఆవేశమే కారణమైతే అంతా నిలవాలి, లేదా అంతా పోవాలి. కొంత పోయి కొంత ఉండడమేమిటి? ఉన్నది ఏ ఒంపు తిరిగి, గొలుసులో ఏ చోటు చూసుకుని పట్టుకుంది? మర్నాటి ఉపన్యాసం తెరిచి, శీర్షికలోంచి 'ఏరికోరి' అన్న మాట కొట్టేశాడు. దాని స్థానంలో ఏం రాయాలో తోచలేదు. కొట్టేసిన మాటనే తిరిగి రాశాడు, మళ్ళీ కొట్టేశాడు. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుని కొట్టుకుని, చివరికి గురువు వైపు తిరిగాడు.

"రేపు నన్నేటి చెప్పమంటారు మేడమ్? పట్టుకుందనా, పట్టుకోలేదనా?"

తాయారమ్మగారు సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగారు.

"వదిలేసి పోయేదాని గురించి ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్నావు. ఉండిపోయినదాన్ని ఇంకా పలకరించనేలేదు కదా, జోగారావూ!"