ఆరు పేర్ల దొన

ఓబులేసుకు కంటి మీద కునుకు లేకుండా చేసింది ఒక నీటిగుంట. దానికి ఆరు పేర్లు!

ముళ్లకొండ మీద బండల నడుమ వాననీళ్లు నిలిచే గుంటల్ని ఆ వైపు వాళ్లు దొనలంటారు. ఏ దొనలో ఎన్ని నీళ్లున్నాయో తెలియకపోతే ఎండాకాలం గొర్రెల కాపరికి బతుకే లేదు. అందుకని చుట్టుపక్కల పల్లెల కాపరులంతా కలిసి ఫోన్లలో ఒక వికీ, అంటే ఎవరైనా రాసి దిద్దగల ఉమ్మడి పుస్తకం, రాసుకుంటున్నారు. మందను నీళ్లకు తోలినవాళ్లు ఆ దొన పేజీలో ఒక ముక్క రాసిపోతారు: మోకాటి లోతు, చీలమండ లోతు, అడుగంటింది. ఇక ఊరదని తేలిపోయిన దొన పేజీని తీసేస్తారు. పేజీ లేదంటే నీళ్లు లేవన్నమాటే. చదువురానివాళ్లు పేరు పలికితే చాలు, ఫోనే చదివి వినిపిస్తుంది.

దీనికంతా పెద్దదిక్కు కొండ కింద దర్గాలో ఉండే జమాలయ్య స్వామి. ఆయన ఫోను ముట్టిన పాపాన పోలేదు. కానీ ఆయన ఒక్క మాట అంటే పన్నెండు పల్లెలు కలిసి కూర్చున్నాయి, పాత పగలన్నీ పక్కనబెట్టి మరీ. అట్లాంటి మనిషి. పట్నంలో గ్రంథాలయ చదువు చదివొచ్చిన ఓబులేసు ఆయన దగ్గర శిష్యుడిగా చేరి, వికీ బాగోగులు చూసుకుంటున్నాడు.

ఆ ఆరు పేర్లలో ఊటదొన అన్నదే అసలు పేజీ. మిగతా అయిదూ దారిమార్పు పేజీలు. వాటిలో ఒక్క అక్షరమూ ఉండదు, ఆ పేరుతో అడిగినవాళ్లను తిన్నగా ఊటదొన పేజీకి తీసుకుపోతాయంతే. తూర్పు నుంచి ఎక్కేవాళ్లకు ముందు పులి కూర్చున్నట్టు ఒక బండ కనిపిస్తుంది, వాళ్లకది పులిబండ నీళ్లు. పడమటి వాళ్లకు, ఎప్పుడో దాని పూడిక తీసిన ఎర్రబ్బ పేరున ఎర్రబ్బ గుంట. ఇంకొకరికి కోతుల మడుగు. ఇట్లా.

"ఖాళీ పేజీలు! ఎందుకివన్నీ?" అనుకున్నాడు ఓబులేసు. మూడు రోజులు కూర్చుని, కొండమీది దొనలన్నిటికీ ఉన్న దారిమార్పులు అరవై రెండూ తీసిపారేశాడు. ఒక దొనకు ఒకే పేరు. అద్దంలా ఉంది వికీ. పోయి గురువుగారికి చెప్పుకున్నాడు.

"ఆ పేర్లు పట్టుకొని ఎవరూ రావడంల్యా, నాయనా?" అన్నాడు స్వామి.

"అసలు పేరు నేర్చుకుంటారు స్వామీ. నేర్చుకోవాలి కదా!"

స్వామి లేచాడు. గొడుగూ నీళ్లకుండా తీసుకుని తూర్పుగోడ అవతలికి పోయాడు. రోజూ మధ్యాహ్నం ఆయన అక్కడే కూర్చుంటాడు. ధ్యానంలో ఉంటాడని శిష్యులెవరూ అటు తొంగిచూడరు.

తొమ్మిదో రోజు కదిరెప్ప వచ్చాడు. తూర్పు పల్లె కాపరి, అరవై ఏళ్లవాడు. దర్గా అరుగు మీద కూలబడి, తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

"పులిబండ నీళ్లు అని మూడుమార్లు అడిగితి సామీ. అట్లాంటి పేజీ లేదు అనె. ఎండిపోయినట్టుంది అనుకొని మందను తిప్పితి. అవతలి కొండకు తోలుకొని పోతాంటే నాలుగు గొర్రెలు దప్పికకు పడిపాయ. బొల్లి కూడా పాయ సామీ... చూలుది. నా చేతుల్లో పెరిగింది."

ఓబులేసు అతని పక్కన కూర్చున్నాడు. "మామా, మందను తిప్పినప్పుడు దొనకు ఎంత దూరంలో ఉంటివి?"

"ఎంత దూరమప్పా! బండ కండ్లకు కనపడతానే ఉండె."

ఆ పొద్దు దొనలో మోకాటి లోతు నీళ్లున్నాయి. ఊటదొన పేజీలో ఆ ముక్క రాసి ఉంది కూడా.

"ఈ సెల్లును ఇంక నమ్మను. నా కండ్లే నాకు," అని కదిరెప్ప లేచి వెళ్లిపోయాడు. ఎండలు ఇంకా రెండు నెలలున్నాయి. ఏ దొన ఎట్లుందో అడగకుండా గుడ్డిగా తిరిగితే అతని మందలో ఒక్కటీ మిగలదు.

ఓబులేసు గురువు కాళ్ల మీద పడ్డాడు. తిడతాడనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"ఈ పొద్దు నా చోట నువ్వు కూర్చో," అని స్వామి గొడుగూ కుండా చేతికిచ్చాడు.

తూర్పుగోడ అవతల పాత కాలిబాట ఉంది. మూడేళ్ల కింద వరదకు ఆ వైపు వాకిలి కూలిపోతే గోడ కట్టేసి, వాకిలి దక్షిణానికి మార్చారు. ఓబులేసు ఆ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గంట గడిచింది. దర్గాలో మొక్కు చదివింపులకు చక్కెర పొట్లం పట్టుకుని ఒక అవ్వ ఆ బాటన నడిచి వచ్చింది. గోడను చూసి నిలబడిపోయింది.

"అయ్యో రామా! దర్గా మూసేసినారే!" అని వెనక్కి తిరిగింది.

ఓబులేసు ఒక్క ఉరుకున లేచాడు. "అవ్వా, అవ్వా! మూయలేదు. వాకిలి ఇటు మారింది, రా!" నీళ్లు తాగించి, చెయ్యి పట్టుకుని నడిపించాడు. పొద్దుగూకేలోపల ఇంకో ముగ్గురు వచ్చారు. అందరూ పాత బాటనే.

మూడేళ్లుగా మండుటెండలో ఆ మహానుభావుడు చేస్తున్న ధ్యానం ఇదా! ఓబులేసుకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఆ సాయంత్రమే అరవై రెండు దారిమార్పులూ తిరిగి పెట్టాడు. పెట్టి ఊరుకున్నాడా? మనవాడికి చేతులు ఊరుకోవు కదా! ఎవరు ఏ పేరు అనవచ్చో అన్నీ తనే ఊహించి, వారం తిరక్కుండా ఇంకో నాలుగు వందలు చేర్చాడు. దొన అని, గుంట అని, మడుగు అని, ఒక్కోదానికి పదేసి. ఫోనులో గుంట అంటే చాలు, నలభై పేర్లు కట్టగట్టుకుని దిగుతున్నాయి. కాపరులు తల గోక్కుంటున్నారు.

"స్వామీ, ఇక ఎవరు ఏ పేరుతో వచ్చినా ఢోకా లేదు," అన్నాడు ఆనందంగా.

"రేపు ఉత్తరం పక్క కూర్చో," అన్నాడు స్వామి.

"అటు లోయ కదా స్వామీ! దారే లేదు."

"గొడుగు మర్చిపోవద్దు. ఎండ."

గురువు మాట కాదనలేక పోయి కూర్చున్నాడు. కుండలో నీళ్లన్నీ తనే తాగాడు. రాళ్లు లెక్కపెట్టాడు. సాయంత్రం మొహం మాడ్చుకుని వచ్చాడు.

"ఎవరన్నా వచ్చిరా?"

"ఒక తొండ వచ్చింది స్వామీ."

స్వామి కడుపు పట్టుకుని నవ్వాడు. ఓబులేసుకు కూడా నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గూ వచ్చింది.

తెల్లారి తను ఊహించి పెట్టిన నాలుగు వందలూ తీసేసి, నడుచుకుంటూ తూర్పు పల్లెకు పోయాడు. కదిరెప్ప గొర్రెల దొడ్డి దగ్గర ముళ్లకంప సర్దుతున్నాడు. పలకరించలేదు.

"మామా, తప్పు నాది. ఆ పేరు తీసేసింది నేనే," అన్నాడు ఓబులేసు.

కదిరెప్ప చేతిలో కంప అట్లాగే ఆగిపోయింది. మళ్లీ సర్దడంలో పడ్డాడు. ఓబులేసు అక్కడే నిలబడ్డాడు. తర్వాత తనూ ఒక కంప అందుకుని సర్దసాగాడు. దొడ్డి చుట్టూ అయిపోయింది.

"ఆ పేరు మళ్లీ పెట్టినా. నువ్వు దాన్ని ఇప్పుడు ఏమని అడుగుతావో చెప్పు మామా," అన్నాడు అప్పుడు.

"పులిబండ నీళ్లు అని మా పల్లెలో ఇప్పుడు ఎవరూ అనడంల్యా." కదిరెప్ప కొండ వైపు చూశాడు. "బొల్లి మళ్లిన దొన అంటాండారు."

ఓబులేసు ఫోను తీశాడు. ఆ మూడు మాటలూ రాసి దారి ఊటదొనకు కలిపాడు. ఫోను కదిరెప్ప ముందు పట్టుకున్నాడు.

ముసలాయన దానివంక అనుమానంగా చూసి, నెమ్మదిగా పలికాడు. ఫోను చదివింది: "ఊటదొన. నిన్న సాయంత్రం చూసినది. మోకాటి లోతు."

కదిరెప్ప మొహం తుడుచుకుని, కర్ర అందుకుని, దొడ్డి తడిక తీశాడు.

ఓబులేసు దర్గా చేరేసరికి పొద్దు వాలుతోంది. స్వామి తూర్పుగోడ దగ్గరే ఉన్నాడు.

"ఈ పొద్దు ఎన్ని పేర్లు పెడితివి?"

"ఒకటి, స్వామీ."

స్వామి చాప మీద కాస్త జరిగి, పక్కన చోటిచ్చాడు.