హైమావతి కాగితం, అప్పలకొండ చెయ్యి

సన్యాసిరావు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ పని పూర్తయ్యేసరికి అడిగినవాళ్లకు జవాబు దొరకాలి. దొరక్కపోతే మర్నాడు మళ్లీ అడగాలి. అందుకే ఆయన దగ్గర రసాయనశాస్త్రంలో పరిశోధన చేసే పిల్లలు, మాస్టారిని ఒక్క మాట అడగాలన్నా అన్నం క్యారేజీ తెచ్చుకుని మరీ అడగాలని తమలో తాము నవ్వుకుంటారు.

ఆ శుక్రవారం ఉదయం సీపాన హైమావతి ఆయన గదిలోకి వచ్చినప్పుడు ఆమె దగ్గర క్యారేజీ లేదు. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఆమె ఏమీ తినలేదు కూడా. కంప్యూటరులో వచ్చిన ఒక ఉత్తరాన్ని అచ్చు తీసి, చెమట చేత్తో పట్టుకుని వచ్చింది.

ఆమెకు డాక్టరేటు వచ్చి నాలుగు నెలలైంది. విడివిడిగా ఉన్న రెండు అణువులను ఒకదానితో ఒకటి అతికించే చర్య ఆమె ఐదేళ్ల కష్టం. అందులో పల్లాడియం అనే లోహంతో ఆమె తయారుచేసిన ఉత్ప్రేరకాన్ని చిటికెడు వేస్తారు. అది తాను ఖర్చయిపోకుండా పని జరిపిస్తుంది. తేమ అన్నది సోకకుండానే ఈ అతుకు పడుతుందని ఆమె రాసిన పేపరు పోయినేడు అచ్చయింది. ఆ పేపరు పట్టుకునే పదకొండు చోట్ల, డాక్టరేటు తర్వాత చేసే పోస్ట్ డాక్టొరల్ పరిశోధన ఉద్యోగానికి రాసుకుంది. పది చోట్ల నుంచి పలుకే లేదు. దక్కను మీద, ఎండ కాచే పొడిగాలి ఊళ్లో ఉన్న ఒక పరిశోధనా సంస్థ మాత్రం మంగళవారం ఇంటర్వ్యూకి రమ్మంది. ఇప్పుడు అక్కడి పెద్ద శాస్త్రవేత్త ఇలా రాశాడు: ‘మీ పేపరులో ఉన్నది ఉన్నట్టు మా వాళ్లు మూడుసార్లు చేశారు. మూడుసార్లూ ఏమీ జరగలేదు. మిమ్మల్ని పిలవాలో వద్దో తేల్చుకోవాలి. సోమవారం మధ్యాహ్నం లోగా సంజాయిషీ పంపండి.’

"నేను చేస్తే ప్రతిసారీ అవుతోంది మాస్టారూ. నిన్న కూడా చేశాను, ఎనభై ఎనిమిది శాతం అతుకు పడింది. తప్పు వాళ్లదా, నాదా?"

మాస్టారు ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు.

"ఏమని రాద్దామనుకుంటున్నావు?"

"ముందు నన్ను రానివ్వండి, నా చేత్తో చేసి చూపిస్తానని."

"వాళ్ల దగ్గరున్నది నీ చెయ్యి కాదు, నీ కాగితం. అది ఏపాటిదో మనమూ చూద్దాం. నువ్వు చేసే పద్ధతంతా తెలుగులో రాసుకురా."

"తెలుగులో ఎందుకండీ?"

"అప్పలకొండకి ఇంగ్లీషు రాదుగా."

అప్పలకొండ ఆ ల్యాబులో అటెండరు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఫ్లాస్కులు కడుగుతున్నాడు, నైట్రోజన్ సిలిండర్లు మారుస్తున్నాడు, స్కాలర్లు చెబితే సామాను బిగించి పెడతాడు. యాభయ్యో ఏట వయోజన పాఠశాలకి వెళ్లి చదవడం నేర్చుకున్నాడు. చర్య మాత్రం ఎన్నడూ తనంతట తాను చేయలేదు. హైమావతికి ఏడుపొచ్చినంత పనైంది. బతుకు ఈ నాలుగు రోజుల మీద వేలాడుతుంటే మాస్టారికి ఇదొక ఆటలా ఉంది అనుకుంది. అయినా కూర్చుని రాసింది. పావుగంట పని అనుకున్నది మధ్యాహ్నం దాకా పట్టింది. ఇంగ్లీషులో ఒక్క ముక్కలో దాటేసిన సంగతుల దగ్గర, తెలుగులో రాసేసరికి అప్పలకొండ ముఖం గుర్తొచ్చి కలం ఆగిపోయింది. ఆగిన ప్రతిచోటా ఆమె ‘బాగా’ అనో, ‘జాగ్రత్తగా’ అనో రాసి ముందుకు పోయింది.

మాస్టారు ఆమెకు ఒక స్టూలు చూపించి, "చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చో. నోరు విప్పావో, మళ్లీ మొదటినుంచి" అన్నారు.

అప్పలకొండ అక్షరాల కింద వేలు పెట్టి బయటికి చదివాడు. "అణువులతో పాటు వేసే పొటాషియం ఫాస్ఫేటు పొడిని ఓవెన్‌లో బాగా ఆరబెట్టవలెను. బాగా అంటే ఎంతమ్మా?"

హైమావతి నోరు తెరిచింది. మాస్టారు ఆమె వైపు చూశారు. ఆమె నోరు మూసుకుంది.

"కాయితం సెప్పడం నేదు బాబూ."

"నీకు బాగా అనిపించినంత."

"అయితే రేపొద్దున్న తీస్తాను" అని అప్పలకొండ పొడిని ఓవెన్‌లో పెట్టేసి టీకి వెళ్లిపోయాడు. సోమవారానికి ఇంకెన్ని గంటలున్నాయో లెక్కపెడుతూ హైమావతి ఆ స్టూలు మీదే ఉండిపోయింది. రెండు గంటలు చాలునని ఆమెకు తెలుసు. ఆమె కాగితానికి తెలియదు.

శనివారం ఉదయం అప్పలకొండ పొడి బయటికి తీసి తూచాడు. సీసా మూత తీశాడు, చెంచాతో బటర్ పేపరు మీదికి వంపాడు, అంకె చూశాడు, మూత బిగించాడు, పొడిని ఫ్లాస్కులో పోశాడు. గట్టిగా అర నిమిషం పట్టిందేమో. హైమావతికి అదే పనికి పావుగంట పడుతుంది. మూడుసార్లు తూచి మూడుసార్లూ పుస్తకంలో రాస్తుంది, ఒక రవ్వ తీస్తుంది, ఒక రవ్వ వేస్తుంది. ఆమె తూకమంటే ల్యాబులో అందరికీ గురి. ఇది చెడిపోతే అటెండరు తొందరపాటు వల్లనే అని రాయొచ్చు, అయిపోతే తప్పు ఆ దక్కను వాళ్లదే. ఎటుపోయినా తప్పించుకునే దారి ఆమె అప్పటికే వెతికి పెట్టుకుంది.

మిగతాదంతా అప్పలకొండ కాగితం చెప్పినట్టే చేశాడు. తేమ తీసేసిన టాలుయీన్ ద్రావణి పోశాడు, నైట్రోజన్ పట్టించాడు, నూరు డిగ్రీల నూనె తొట్టిలో ఆరు గంటలు ఉంచాడు. సాయంత్రం మాస్టారే ఒక చుక్క తీసి, ఏ పదార్థానికి ఆ చుక్కగా విడదీసి చూపే పలక మీద పెట్టి, ఊదారంగు దీపం కింద చూశారు. పొద్దున్న వేసిన రెండు అణువుల చుక్కలూ అలాగే ఉన్నాయి. కొత్త చుక్క లేదు.

హైమావతి స్టూలు మీంచి లేచింది. "గబగబా అలా తూచేస్తే ఎలా అవుతుంది బాబాయ్?"

"నెమ్మదిగా తూసుకోమని నువ్వు రాయనేదు కదమ్మా" అన్నాడు అప్పలకొండ, నొచ్చుకుని. "పోనీ నెమ్మదిగా తూసేవోళ్ల సంగతి నాకు తెల్దా? నువ్వు తూసిన దినం ఆ పొడి కాయితానికి అంటుకుపోద్ది. సాయంత్రం తాసు పళ్లెం మీద తడితడిగా అట్టు కట్టీసుంటది. గోకి తుడిసేది నానే గదా. నాను తూసింది సూడు, ఇసకలాగ జారిపోనాది."

హైమావతి తల తిప్పి తూకం గది వైపు చూసింది. ఫ్యాను వేస్తే త్రాసు వణుకుతుందని అక్కడ ఫ్యాను పెట్టలేదు. ఉక్కపోతకి కిటికీ ఎప్పుడూ సగం తెరిచే ఉంటుంది. కిటికీ అవతల రోడ్డు, రోడ్డు అవతల సముద్రం. ఐదేళ్లుగా తాను ఆ కిటికీ పక్కన, సీసా మూత తీసి పెట్టుకుని, ఒక్కొక్క రవ్వా సరిచేసుకుంటూ కూర్చున్న పావుగంటలన్నీ ఆమెకు ఒకేసారి కళ్లముందు కదిలాయి. అంతసేపూ ఆ పొడి సముద్రపు గాలిలోని తేమను తాగుతూనే ఉంది.

"రేపు ఆదివారం" అన్నారు మాస్టారు. "అప్పలకొండా, నీకు సెలవే. వస్తావా?"

"రాకపోతే ఈ అమ్మ నన్ను తిన్నివ్వదు బాబూ, పండుకోనివ్వదు" అన్నాడు అప్పలకొండ.

ఆదివారం అతను రెండు ఫ్లాస్కులు పెట్టాడు. రెండింట్లోనూ అదే పొడి, అదే అర నిమిషం తూకం. రెండోదాంట్లో మాత్రం, హైమావతి కాగితం అంచున కొత్తగా రాసిచ్చిన మాట ప్రకారం, రెండు చుక్కల నీళ్లు వేశాడు. ఆరు గంటలూ ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి. సాయంత్రం మొదటి ఫ్లాస్కులో కొత్తగా ఏమీ లేదు. రెండోదాంట్లో పాత చుక్కలు రెండూ పోయి, కొత్త చుక్క దీపం కింద ఒక్కటే, నిండుగా, మెరుస్తూ కనిపించింది.

"అయిపోనాది గదమ్మా, ఇంకా ఏటా మొకం?" అన్నాడు అప్పలకొండ.

ఆమె ముఖం అలా ఎందుకుందో మాస్టారికి తెలుసు. ఆ పేపరు శీర్షికలోనే ‘తేమ సోకకుండా’ అని ఉంది. నీళ్లు లేకుండా ఉత్ప్రేరకం ఎలా పనిచేస్తుందో ఆమె లోపల రెండు పేజీలు వివరించింది. దక్కను వాళ్లు ముచ్చటపడి పిలిచింది ఆ రెండు పేజీలు చూసే. ఫ్లాస్కులో రెండు చుక్కలు పడ్డాక ఆ రెండు పేజీలు లేవు.

సోమవారం పొద్దున్న ఆమె సంజాయిషీ రాసి మాస్టారి ముందు కంప్యూటరులో పెట్టింది. నాలుగే వాక్యాలు. పొడిని ఎంతసేపు ఆరబెట్టాలో, ఎన్ని చుక్కల నీళ్లు వెయ్యాలో మొదటి రెండు. తేమ లేకుండా అవుతుందని తాను రాసింది తప్పని మూడోది. ఈ సంగతి కనిపెట్టింది తమ ల్యాబు అటెండరు గొండు అప్పలకొండ అని నాలుగోది. మాస్టారు ఒక్క అక్షరం దిద్దలేదు.

"ఇది చూశాక పిలవరేమో మాస్టారూ."

"పిలవకపోవచ్చు."

"మూడో వాక్యం తీసేసినా వాళ్ల చేతిలో అవుతుంది. వాళ్లు అడిగింది అంతవరకే."

మాస్టారు కంప్యూటరును ఆమె వైపు తిప్పారు. ఆమె కాసేపు ఆ మూడో వాక్యాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు పంపేసింది. పక్కగదిలోంచి ఫ్లాస్కులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. పావుగంటైనా జవాబు రాలేదు. అరగంటైనా రాలేదు. ఆమె చివరికి, ఉద్యోగం మాట ఎత్తకుండా, "ఐదేళ్లు చేశాను మాస్టారూ. ఇప్పుడు అందులో నాదంటూ ఏం మిగిలింది?" అంది.

సన్యాసిరావు మాస్టారు కుర్చీలోంచి లేచారు.

"మొన్నటిదాకా ఆ చర్య నువ్వుంటేనే అయ్యేది. ఇవాళ నువ్వు లేకపోయినా అవుతుంది. ఇక నువ్వు ఎక్కడికైనా వెళ్లొచ్చు."