తొమ్మిదో గుంట

గోవర్ధనం మాష్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, ప్రయాణం వస్తుంది. ఆయన దగ్గర పదకొండేళ్ళు మట్టి సంచులు మోసినవాణ్ణి కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు. చౌడు నేల గురించి ఏదో అడిగిన పాపానికి ఒకసారి నన్ను మండుటెండలో సముద్రం ఒడ్డున ఉప్పుమడుల దాకా నడిపించి, తిరిగొచ్చాక కూడా ఏమీ చెప్పక, మజ్జిగ తాగి వెళ్ళమన్నారు. వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైన తరవాత, ఇళ్ళు కట్టబోయే స్థలాల్లో మనిషికి చేటు చేసేది ఏమైనా దాగి ఉందా అని పరీక్షించి చెప్పడం ఆయన పనిగా పెట్టుకున్నారు. మా వైపు అందరూ ఆయన్ని మట్టి మాష్టారనే పిలిచేవారు. ఆ పేరు వింటే ఆయన లోలోపల సంతోషించేవారని నా అనుమానం.

ఎస్తేరు రాణి పెద్ద చదువు ముగించి ఆయన దగ్గర చేరి అప్పటికి ఏడాది కాలేదు. చురుకైన పిల్ల. చేతిలో పని ఆగదు, నోట్లో మాట ఆగదు. ఆ చలికాలం మాష్టారు ఆమెకు మొదటిసారి ఒక స్థలాన్ని పూర్తిగా అప్పగించారు. మా ఊరి చేనేత సొసైటీవాళ్ళు ముప్ఫై ఒక్క కుటుంబాలకు ఇళ్ళు కట్టుకోవడానికి తీసుకున్న రెండెకరాలు అది. ఒకప్పుడు అక్కడ పత్తి చేల మందులు అమ్మే వర్తకుడి గోడౌను ఉండేది. అది పడగొట్టి, రెండడుగుల మెరక తోలి, చదును చేసి అమ్మారు. పాత సంగతి తెలిసినవాళ్ళు ఒకరిద్దరు భయపడితే, సొసైటీ ప్రెసిడెంటు పురుషోత్తం గారు మాష్టారి దగ్గరకు వచ్చారు. పునాదులకు ముహూర్తం మాత్రం ముందే పెట్టించుకున్నారు.

రాణి పన్నెండు చోట్ల జానెడు లోతు మట్టి తీసింది. పక్కనే ఉన్న బోరులో అరవై అడుగుల లోతు నీళ్ళు పట్టింది. అన్నీ శుభ్రంగా ఉన్నాయని ల్యాబు నుంచి కాగితాలు వచ్చాయి. ఆమె నివేదిక రాసి, మాష్టారి ముందు పెట్టి, సంతకం కోసం నిలబడింది. మాష్టారు మొదటి నుంచి చివరిదాకా చదివి, కాగితాలు మడిచి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. కలం మాత్రం తీయలేదు.

మూడు రోజులు చూసి రాణి ఉండబట్టలేక అడిగేసింది. "మనుషులు తాకేది పైమట్టి, తాగేది బోరు నీళ్ళు. రెండూ చూశాను. మధ్యలో ఉన్నది ఎవరి జోలికి వస్తుందండీ? ఎక్కడిదాకా చూస్తే చూసినట్టు, మాష్టారూ?"

ఆమె చెప్పింది నాకు సబబుగానే తోచింది. సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను, ఆ కాగితాలు నా చేతిలో ఉంటే అప్పుడే సంతకం పెట్టి పంపేసేవాణ్ణి.

"రేపు పొద్దున నాంచారమ్మ ఇంటికి వెళ్దాం. కాఫీ బాగుంటుంది" అన్నారు మాష్టారు.

దామర్ల నాంచారమ్మకు అరవై దాటాయి. సొసైటీలో ప్లాటు వచ్చిన ముప్ఫై ఒక్కమందిలో ఆమె ఒకతె. కొడుకూ కోడలితో కలిసి రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేది. ముందు గదిలో సగం మగ్గానిదే. మా వైపు మగ్గాలు గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి, నేసేవాళ్ళు గట్టు మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి, అడుగున ఉన్న తొక్కుడు కర్రల్ని తొక్కుతూ నేస్తారు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు ఇందులో వింతేమీ లేదు. వింత లేకపోవడం వల్లే నాకేమీ తోచలేదని తరవాత తెలిసింది.

కాఫీ తాగాక మాష్టారు, "నాంచారమ్మా, మా అమ్మాయిని ఓ అరగంట మగ్గం మీద కూర్చోబెట్టుకో. తొక్కడం నేర్పు" అన్నారు. ఆయన మాత్రం అరుగు మీద దినపత్రిక తెరిచి కూర్చున్నారు.

"రా అమ్మాయీ. మగ్గమేం కరవదు" అంది నాంచారమ్మ.

రాణి చెప్పులు విడిచి, చున్నీ నడుముకు చుట్టి, గట్టు మీద కూర్చుని కాళ్ళు లోపలికి దించింది. మోకాళ్ళ కింద అంతా నేలలోకి పోయింది. పాదాల కింద మట్టి చల్లగా, చెమ్మగా ఉంది. నాడె అటూ ఇటూ విసరడం రాక నాలుగైదు పోగులు తెంపింది. నాంచారమ్మ విసుక్కోకుండా ముడులు వేసుకుంటూ, మాటల్లో మాటగా తన సంగతి చెప్పింది. నేతపనివాళ్ళకు ఇల్లు దొరకడమే కష్టమట.

"ఇల్లయితే అద్దెకిస్తారు, నేల తవ్వనివ్వరు. కాళ్ళావేళ్ళా పడితే తవ్వుకోమంటారు. ఖాళీ చేసేటప్పుడు మాత్రం పూడ్చి, అలికి, మునుపటిలా చేసి పొమ్మంటారు. నా చేతులతో ఏడు గుంటలు తవ్వాను అమ్మాయీ. ఆరు పూడ్చాను. ఇది ఏడోది. ఈయన టైల్స్ వేయించుకుంటాడంట, ఎండాకాలానికి దీన్నీ పూడ్చాలి. ఇక అద్దె గుంటలు తవ్వే ఓపిక నాకు లేదు. ఆ స్థలంలో ఒక్క గుంట, నాది, ఎవరూ పూడ్చమనని గుంట. అంతే నాక్కావలసింది."

రాణి తొక్కడం ఆపేసింది. "వానాకాలం ఎలాగ పిన్నీ, ఇందులో నీళ్ళు రావూ?"

"ఎందుకు రావు, పిక్కల దాకా ఊరతయ్యి. చెంబుతో తోడుకుంటా నేస్తాం. పండగ ముందు అంత తీరిక కూడా ఉండదు, నీళ్ళలోనే కాళ్ళు పెట్టుకుని నేస్తాం. రోజుకి పది గంటలు ఈ కాళ్ళు ఇక్కడేగా."

"కొత్తింట్లో కూడా ఇంతే లోతు తవ్వుతారా?"

నాంచారమ్మ మోచెయ్యి ఆనించి చూపించింది. "ఇది రెండు మూరలకి పిడికెడు తక్కువ. ఈ ఇంటాయన మించనివ్వలేదు. మోకాళ్ళు పట్టేస్తన్నయ్యి. అక్కడ నిండా రెండు మూరలు తవ్వుకుంటా."

రాణి గుంటలోంచి పైకి వచ్చింది. పాదాలకు అంటిన మట్టిని తుడుచుకోకుండా అలాగే చూస్తూ కొంతసేపు నిలబడింది. తరవాత అరుగు మీదకు వచ్చి, నా దగ్గర మట్టి తీసే బర్మా అడిగి తీసుకుంది. మాష్టారు పత్రిక పేజీ తిప్పారు.

ఆ మధ్యాహ్నం ఆ స్థలంలో ఆమె తవ్వుతుంటే నేను సంచులు పట్టుకున్నాను. రెండడుగుల దాకా మెరక తోలిన ఎర్రమట్టి. దాని కింద పాత నల్లమట్టి. ఉత్తరం వైపు నాలుగు చోట్ల తేడా ఏమీ లేదు. దక్షిణం అంచున అయిదో చోట, మూడడుగుల దగ్గర, అంటే సరిగ్గా రెండు మూరల లోతున, బర్మా పైకి లాగగానే ఘాటు వాసన కొట్టింది. పత్తి చేలో మందు కొట్టిన సాయంత్రం గట్టు మీద నడిచినవాళ్ళెవరికైనా తెలిసిన వాసన. మట్టి ముద్దలో తుప్పుపట్టిన డబ్బా మూత ఒకటి ఇరుక్కుని ఉంది. గడువు దాటిన మందుల్ని ఎవరో ఎప్పుడో అక్కడే గొయ్యి తీసి పాతేశారు. పైన తోలిన మంచిమట్టి ఆ సంగతిని చక్కగా కప్పి పెట్టింది.

రాణి ఆ మూతను గుడ్డలో చుట్టి తెచ్చి మాష్టారికి చూపించి, ఏడ్చింది. "మీరు కలం అందిస్తే నేనే సంతకం పెట్టేసేదాన్ని మాష్టారూ" అంది.

"పెట్టలేదుగా" అన్నారు ఆయన. అంతకు మించి ఆమెను ఓదార్చలేదు. నాకు కోపం వచ్చింది కూడా.

మర్నాడు సొసైటీ వాళ్ళను కూర్చోబెట్టి ఆమే చెప్పింది. పునాదులకు ముందు ప్రతి కుటుంబమూ తన ప్లాటులో, మగ్గం ఎక్కడ వేయాలనుకుంటున్నారో సరిగ్గా అక్కడ, ఎంత లోతు కావాలో అంత లోతు గుంట తవ్వాలి. వాసన వస్తే అక్కడితో ఆపి దూరంగా రావాలి. చేతులకూ కాళ్ళకూ తొడుగులు తను తెస్తుంది. గుంట అడుగున మట్టి తను పరీక్ష చేయిస్తుంది. ఫలితం వచ్చాకే ఇటుక. పురుషోత్తం గారికి ఇది మింగుడు పడలేదు. ముహూర్తం దాటిపోతుంది, మళ్ళీ మూడు నెలలదాకా మంచిరోజు లేదు, పైగా ఇల్లు కట్టకుండా మగ్గం గుంట తవ్వడం ఎక్కడైనా ఉందా అన్నారు. వెనక నుంచి నాంచారమ్మ లేచింది.

"గుంట లేకుండా నీకు ఇల్లెందుకు పురుషోత్తం? ఆ రోజునే తవ్వుదాం. మన శంకుస్థాపన అదే అనుకుందాం."

అలాగే జరిగింది. ముహూర్తం రోజున ముప్ఫై ఒక్క ప్లాట్లలో ముప్ఫై ఒక్క గుంటలు తవ్వారు. పసుపూ కుంకుమా చల్లారు, కొబ్బరికాయలు కొట్టారు. మాష్టారు కూడా ఒక కొబ్బరి ముక్క తీసుకుని నములుతూ గుంట గుంటకూ తిరిగారు. పది రోజులకు ఫలితాలు వచ్చాయి. ఇరవై అయిదు గుంటలు శుభ్రం. దక్షిణం అంచున వరసగా ఉన్న ఆరింటిలో విషం ఉంది. ఆ ఆరింటిలో నాంచారమ్మది మూడోది.

ఆ మాట చెప్పడానికి రాణి ఒక్కతే వెళ్ళింది, నేను దూరంగా నిలబడ్డాను. నాంచారమ్మ తన గుంట పక్కన కూర్చుని అంతా విన్నది. లేచి పార అందుకుంది. "ఎనిమిదోది. పూడ్చటం నాకు అలవాటేలే" అంది.

రాణి ఆ పార పట్టుకుంది. "పూడ్చొద్దు పిన్నీ. పూడిస్తే ఇంకెప్పుడో ఇంకెవరో వచ్చి తవ్వుతారు. ముందు ఇక్కడున్నది తీయించాలి. మీకు గుంట చూపించే పూచీ నాది."

తీయించడం ఆ పిల్ల ఒక్కదాని వల్ల అయ్యేది కాదు. మాష్టారు తన పాత విద్యార్థులందరికీ ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు, రెండుసార్లు స్వయంగా వెళ్ళి అధికారుల గదుల బయట బల్లల మీద కూర్చున్నారు. ఎండాకాలం నడిమికి మనుషులు ముక్కులకు మాస్కులు, చేతులకు తొడుగులు వేసుకుని వచ్చి, ఆ అంచు పొడవునా విషపు మట్టినంతా తవ్వి, మూతలున్న పీపాల్లోకి ఎత్తి, అలాంటివి భద్రపరిచే చోటికి తీసుకెళ్ళారు. తవ్విన చోట ఇంకేమీ మిగల్లేదని తేలేదాకా అక్కడ కంచె వేశారు. ఇక ఆరు కుటుంబాలకు చోటు కావాలి. ఉత్తరాన సొసైటీ హాలు కోసం వదిలిన జాగా ఒక్కటే మిగిలింది. ఆ హాలుకు పురుషోత్తం గారి తండ్రి పేరు పెట్టాలని అంతకుముందే తీర్మానం అయింది. ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు లేఅవుటు కాగితం చంకలో పెట్టుకుని తనే వచ్చి, "హాలు తరవాతైనా కట్టుకోవచ్చు. ఇక్కడ కూడా ముందు గుంటలు తవ్విస్తావా అమ్మా?" అని రాణిని అడిగారు. మనిషి మీద నాకు గౌరవం కలిగిన రోజు అది.

ఆరు గుంటలూ తవ్వారు. ఆరూ శుభ్రంగా ఉన్నాయి.

కార్తీకం వానల్లో మేం ముగ్గురం నాంచారమ్మ కొత్త ఇంటికి వెళ్ళాం. గోడలకు ఇంకా సున్నం పడలేదు, కిటికీలకు తలుపులు లేవు, మగ్గం మాత్రం ఆడుతోంది. గుంటలో పిక్కల దాకా నీళ్ళు ఊరాయి. రాణి ఆ నీళ్ళను కూడా సీసాలో పట్టి, వారం ముందే పరీక్ష చేయించింది. ఆ కాగితం నాంచారమ్మ చేతికిచ్చింది. నాంచారమ్మకు చదవడం రాదు. దాన్ని కళ్ళకద్దుకుని, దూలం సందులో దోపి, చెంబుతో నీళ్ళు తోడి వాకిట్లో పోసి, మళ్ళీ కాళ్ళు దించి కూర్చుంది. "నిండా రెండు మూరలు" అంది, మమ్మల్ని చూసి నవ్వుతూ. ఆ నవ్వు చూశాక ఆ ఏడాది పడిన తిరుగుడంతా నాకు గుర్తు లేకుండా పోయింది.

రాణి ముఖం వెలిగిపోతోంది. వెలగాలి కూడా. వాకిట్లోకి వచ్చి మాష్టారితో అంది: "ఇకమీదట జానెడు లోతు మట్టి తీయడం మానేద్దాం మాష్టారూ. దానివల్ల ఏం తెలిసింది గనక? ఏ స్థలమైనా సరే, రెండు మూరల లోతే చూద్దాం. మన పద్ధతిలో అలాగే రాసేస్తాను."

వాకిట్లో, నాంచారమ్మ తోడి పోసిన నీళ్ళ పక్కన, ఏడాది నిండని ఆమె మనవరాలు పాకుతోంది. రెండు చేతులూ బురదలో చరిచి, గుప్పెడు మట్టి నోటి దగ్గరకు తీసుకుపోయింది. కోడలు పరుగున వచ్చేలోగా కొంత తినేసింది కూడా.

"నువ్వు నాంచారమ్మ కాళ్ళకు కొలిచావమ్మా" అన్నారు మాష్టారు. "ఆ పిల్ల ఇంకా కాళ్ళ మీద లేవలేదు."