జవాబు చెప్పని గేదె

పోలినాయుడికి తన తెలివి మీద బొత్తిగా గర్వం లేదు. ఆ సంగతి రోజుకు పదిమందికైనా చెప్పనిదే ఆయనకు ముద్ద దిగదు. ఆయనా తమ్ముడు సూరినాయుడూ పార్వతీపురంలో ఓ పశువుల డాక్టరు దగ్గర టోకెన్ల కంప్యూటరు చూస్తారు. జనం ఫోన్లలో టోకెను అడుగుతారు, కంప్యూటరు ఇస్తుంది. చెప్పింది చెప్పినట్టు చేస్తారని అన్నదమ్ములకు పేరు. ఆ పేరు పెట్టిందీ వాళ్ళే.

ఓ పొద్దున గున్నమ్మ ఈనలేక అల్లాడుతున్న గేదెను తోలుకొచ్చింది. కడుపులో దూడ అడ్డం తిరిగింది. ఆవిడకున్నదల్లా ఆ గేదే. సూరినాయుడు తెర చూసి, చోటు లేదు, ముందు రెండువేల మంది ఉన్నారన్నాడు.

"కుర్చీలన్నీ ఖాళీయే కదేటి బాబూ," అంది గున్నమ్మ.

"వస్తామన్నారమ్మా. మాటిచ్చినవాళ్ళ కోసం ఎదురుచూడొద్దూ?" అన్నాడు పోలినాయుడు.

అంతే, తువ్వాలు చింపి కుర్చీకో పీలిక కట్టేశారు, ఎవరూ కూర్చోకుండా.

విశాఖలో కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోను చేస్తే విషయం చెప్పాడు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో నెట్‌వర్కు చూసే చోట లోపముందట. ఎవడో తుంటరి వస్తున్నా వస్తున్నా అని వేలసార్లు కబురంపి, మళ్ళీ పలకడం లేదట. ఈ పిచ్చిమాలోకం కంప్యూటరు ప్రతి కబురుకూ ఓ చోటు అట్టేపెట్టి కూర్చుందట. సాయంత్రం అప్‌డేట్ పంపుతాను, అందాకా నిమిషంలో జవాబివ్వని వాళ్ళను బయటికి నెట్టెయ్యండి అన్నాడు.

ఇంకేముంది. పోలినాయుడు గడియారం పట్టుకుని గేదె ముందు నిలబడి పేరడిగాడు. అది చెప్పలేదు. పోనీ ఊరు చెప్పమన్నాడు. నిమిషం కాగానే ఇద్దరూ దాన్ని గేటు బయటికి నెట్టారు. గున్నమ్మ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. జవాబు చక్కగా ఇస్తోందని ఆవిణ్ణి మాత్రం లోపలే ఉంచారు.

డాక్టరుకు ఆవేళ ఒళ్ళు వెచ్చగా ఉంది. ఈ గోల విని, నోట్లో థర్మామీటరుతోనే లోపలి గదిలోంచి వచ్చాడు. మీరెవరని అన్నదమ్ములు అడిగారు. చేతులు తిప్పాడు తప్ప పలకలేదు. అంతే, ఆయన్నీ నెట్టి గడియ పెట్టారు.

బయట గేదె ఉంది, డాక్టరున్నాడు. ఆయన చొక్కా చేతులు మడిచి, దూడను సరిచేసి, రోడ్డు పక్కనే ఈనించాడు. గున్నమ్మ గేటు మీంచి చూసి ఏడుస్తూనే నవ్వింది.

"నెట్టబట్టే గదండీ పనైంది," అన్నాడు పోలినాయుడు గడియ తీస్తూ.

డాక్టరు చేతులు తుడుచుకున్నాడు. "ఇకమీదట ఎవరేం చెప్పినా నోరు మూసుకుని తలూపండి."

సాయంత్రం విశాఖ నుంచి ఫోనొచ్చింది. అప్‌డేట్ సిద్ధం, పెట్టమంటారా అన్నాడతను. పోలినాయుడు తలూపాడు. అతను మళ్ళీ అడిగాడు. ఒక్కడి తల చాలలేదు కాబోలని సూరినాయుణ్ణి పిలిచి, ఇద్దరూ కలిసి ఊపారు. అతను నిమిషం చూసి ఫోను పెట్టేశాడు.

మర్నాడు తెర మీద నాలుగువేల మంది. పీలికలకు తువ్వాళ్ళు చాల్లేదు. తల ఎంత గట్టిగా ఊపితే విశాఖ దాకా అందుతుందో పోలినాయుడికి ఇప్పటికీ తెలియదు. ఆ మాట ఆయనే ఒప్పుకుంటాడు.